మలేరి దంతాలు – స్టీఫెన్ హిస్లాప్

జనగామ పరిసరాలలో ఎటు చూచినా గ్రానైటు గుట్టలు, గుండ్లు కనిపిస్తాయి. మహబూబాబాద్ ప్రాంతంలో కూడా చాలామేరకు నేలకు పునాది ఆ కఠినశిలయే. భూగర్భంలో కరిగి, మెల్లమెల్లగా చల్లారి గట్టిపడిన రాయి అది. ఎంత పగులగొట్టినా దాని కడుపులో ఆకు గానీ, ఎముక గానీ దొరకదు. గూడూరు, బయ్యారం వైపు సాగితే పాకాల శిలలు ఎదురవుతాయి. అవి నీటి అడుగున పేరుకొన్నవే అయినా, వెన్నెముక గల జంతువులు భూమిపై పుట్టకముందటివి. భూపాలపల్లి చేరేసరికి నేల స్వభావమే మారిపోతుంది. ఇసుకరాయి, బంకమన్ను, బొగ్గు పొరలు ఒకదానిపై ఒకటి పరచుకొని ఉంటాయి. ఆ శిలల వరుస గోదావరిని దాటి ప్రాణహిత లోయ వెంట ఉత్తరానికి సాగిపోతుంది. కాళేశ్వరం సంగమం వద్ద నిలబడి ఆవలి గట్టు చూస్తే కనిపించే పట్టణం సిరొంచ. దానికి ఎగువన, ప్రాణహిత ఎడమ ఒడ్డున, కోట అనే పల్లె ఉంది. నదికి పడమట, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో, మలేరి అనే మరో పల్లె ఉంది.

ఈ రెండు పల్లెల పేర్లు భూవిజ్ఞాన గ్రంథాలలోకి ఎక్కాయి. వాటిని అక్కడికి చేర్చినవారిలో ముందువరుసలో నిలిచేవాడు స్టీఫెన్ హిస్లాప్. ఆయన వృత్తిరీత్యా భూగర్భ శాస్త్రవేత్త కాడు. క్రైస్తవ మతప్రచారకుడు, పాఠశాల ఉపాధ్యాయుడు. రాళ్లను వెదకడం ఆయనకు తీరికవేళల వ్యాసంగం మాత్రమే. ఆ వ్యాసంగమే ఆయన పేరును నిలబెట్టింది.

హిస్లాప్ 1817వ సంవత్సరం సెప్టెంబరు 8వ తేదీన స్కాట్లండ్ దేశంలోని డన్స్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి రాతి కట్టడాలు నిర్మించే పనివాడు. ఎడింబరో, గ్లాస్గో విశ్వవిద్యాలయాలలో విద్యాభ్యాసం చేసి, మతశాస్త్రం చదివి, బోధకవృత్తిలో ప్రవేశించాడు. 1843లో స్కాట్లండ్ చర్చిలో పెద్ద చీలిక వచ్చింది. ప్రభుత్వపు జోక్యాన్ని అంగీకరించని బోధకులు ఉద్యోగాలను, ఇళ్లను వదలుకొని వేరుపడి స్వతంత్ర చర్చిని స్థాపించుకొన్నారు. హిస్లాప్ వారి పక్షాన నిలిచాడు. ఆ చర్చి మధ్యభారతంలో పని ఆరంభించదలచి తొలుత పంపినది ఆయననే. 1844లో వివాహమైన కొద్దికాలానికే భార్యతో ఓడ ఎక్కి, ఆ సంవత్సరాంతానికి బొంబాయి చేరి, 1845 ఆరంభంలో నాగపూర్‌లో అడుగుపెట్టాడు.

అప్పటికి నాగపూర్ భోంస్లే రాజుల ఏలుబడిలో ఉంది. రాజు 1853లో సంతానం లేకుండా మరణించడంతో మరుసటి ఏడు ఆ రాజ్యం ఈస్టిండియా కంపెనీ వశమైంది. రాజ్యం చేతులు మారిన ఆ కాలమంతా హిస్లాప్ అక్కడనే పాఠశాల నడిపాడు. మరాఠీ నేర్చాడు. రాబర్ట్ హంటర్ అనే సహచరుడు వచ్చి కలిశాక వారిద్దరూ ప్రయాణాలలో కనిపించిన ప్రతి రాతినీ పరీక్షించడం అలవాటు చేసుకొన్నారు. నాగపూర్ శివారులోని టాక్లి వద్ద వారికి ఒక వింత ఎదురైంది. దక్కను పీఠభూమిని కప్పిన నల్లని బసాల్టు రాయి అగ్నిపర్వత లావా గడ్డకట్టగా ఏర్పడినది. అటువంటి రెండు లావా పొరల నడుమ సన్నని మట్టిపొర ఒకటి ఉన్నది. అందులో మంచినీటి నత్తల గుల్లలు, గింజలు, పురుగుల రెక్కలు శిలాజాలై కనిపించాయి. ఒక లావా ప్రవాహానికీ మరొక దానికీ నడుమ చెరువులు నిండి, చెట్లు మొలచి, ప్రాణులు బ్రతికేటంత వ్యవధి గడచిందని ఆ పలుచని పొర తెలియజేసింది. ఇద్దరు మిత్రులూ కలసి నాగపూర్ పరిసరాల శిలలను గురించి వ్రాసిన వివరమైన వ్యాసం 1855లో లండన్ భూవిజ్ఞాన సంఘం పత్రికలో వెలువడింది. ఆ ఏడే హంటర్ అనారోగ్యం వల్ల స్వదేశానికి మరలిపోయాడు. హిస్లాప్ ఒంటరిగా పని కొనసాగించాడు.

ఆయన దృష్టి నాగపూర్ నుండి దక్షిణానికి మళ్లింది. కోట వద్ద డాక్టర్ బెల్ అనే వైద్యుడు భూమిని లోతుగా తొలిపించి చూచిన సంగతి, అక్కడి సున్నపురాతిలో చేప ఆకారాలు అచ్చుగుద్దినట్లు బయటపడిన సంగతి అప్పటికే విద్వాంసులకు తెలుసు. ఆ చేపకు 1851లో ఎగర్టన్ అనే ఆంగ్ల విద్వాంసుడు లెపిడోటస్ దక్కనెన్సిస్ అని నామకరణం చేశాడు. కోట చేపలకు పొలుసులతో సహా ఒడలంతా మిగిలి ఉన్నది గనుక వాటిని గుర్తించడం అంత కష్టం కాలేదు. మలేరి సంగతి వేరు. అక్కడ ఉన్నది ఎర్రని బంకమన్ను. వానలకు ఆ మన్ను కరిగిపోగా, లోపల ఇమిడి ఉన్న గట్టి పదార్థాలు నేలమీద తేలి కనిపిస్తాయి. అలా తేలినవాటిలో కొన్ని విచిత్రమైన దంతాలు హిస్లాప్ సేకరణలోకి చేరాయి. చేప లేదు, పొలుసు లేదు, పుర్రె లేదు. దంతాలు మాత్రమే.

ఒక్క దంతాన్ని బట్టి జంతువును గుర్తించడం సాధ్యమా? చేపల విషయంలో ఈ ప్రశ్న చాలా పాతది. మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపపు రాళ్లలో నాలుక ఆకారం గల త్రికోణ శిలలు దొరికేవి. అవి ఆకాశం నుండి రాలినవని కొందరు, రాయిగా మారిన పాముల నాలుకలని మరికొందరు నమ్మేవారు. విషానికి విరుగుడని మెడలో కట్టుకొనేవారు కూడా ఉండేవారు. 1666లో ఇటలీలోని లివోర్నో తీరాన బెస్తవారికి ఒక పెద్ద సొరచేప చిక్కింది. దాని తలను కోసి పరీక్షించే పని నికోలస్ స్టెనో అనే డెన్మార్క్ వైద్యునికి అప్పగించారు. దవడలోని దంతాలను, మాల్టా శిలలను ప్రక్కప్రక్కన ఉంచి చూచిన స్టెనో అవి రెండూ ఒకటేనని గ్రహించాడు. ఈ మాటను అంతకుముందే ఊహించినవారు లేకపోలేదు గాని, రాతిలో దంతం ఎలా చేరిందన్న ప్రశ్నను పట్టుకొని భూమి పొరల క్రమాన్నే వివరించేదాకా పోయినవాడు స్టెనో.

సొరచేప అస్థిపంజరం ఎముక కాదు, మృదులాస్థి. మన చెవి డిప్పలో, ముక్కు కొనలో ఉండే మెత్తని పదార్థం వంటిది. చేప చచ్చిన కొద్దికాలానికే అది కుళ్లి నశిస్తుంది. దంతాలు మాత్రం ఎనామిల్ వంటి గట్టి పొరతో కప్పి ఉంటాయి. పైగా సొరచేపకు దంతాలు వరుసలు వరుసలుగా మొలుస్తూ, ముందువి రాలిపోతూ, వెనుకవి ముందుకు వస్తూ జీవితాంతం మారుతూనే ఉంటాయి. ఒకే చేప వేలకొలది దంతాలను నీటి అడుగున విడిచిపోతుంది. అందువల్ల నశించిన సొరచేపలలో పెక్కింటికి మిగిలిన ఆనవాలు దంతమే. దాని అంచు నున్ననిదా, రంపపు పళ్లు గలదా? కొన ఒకటా, అనేకమా? మూలం రెండుగా చీలినదా, పలకగా ఉన్నదా? కొరకడానికి అనువైనదా, నత్తగుల్లలను నలగగొట్టడానికి అనువైనదా? ఈ లక్షణాలను పట్టియే శాస్త్రజ్ఞులు జాతులను విడదీస్తారు.

ఈ విద్యను ఒక శాస్త్రంగా తీర్చినవాడు స్విట్జర్లండ్‌కు చెందిన లూయీ ఆగసీ. 1833 నుండి 1843 వరకు సంపుటాలుగా వెలువడిన ఆయన గ్రంథంలో శిలాజ మత్స్యాల వర్ణనలు వందలకొలది ఉన్నాయి. మెగాలడాన్ అన్న పేరుతో నేడు లోకప్రసిద్ధమైన మహా సొరచేపకు పేరు పెట్టినది ఆయనే. ఐరోపాలో దొరికిన విసనకర్ర ఆకారపు దంతాలు కొన్ని ఆయన పరీక్షకు వచ్చాయి. వాటి వెలుపలి అంచున కొమ్ముల వలె గట్లు పొడుచుకొని ఉంటాయి. ఆగసీ వాటికి కొమ్ముదంతం అని అర్థం వచ్చేటట్లు సెరటోడస్ అని పేరు పెట్టి, ఆ ప్రాణిని సొరచేపల కోవలో చేర్చాడు. అందుకు ఆధారం లేకపోలేదు. ఆస్ట్రేలియా తీరంలో పోర్ట్ జాక్సన్ సొరచేప అనే జాతి నేటికీ ఉంది. దాని వెనుక దంతాలు చదునుగా, గుల్లలను చిదపడానికి అనువుగా ఉంటాయి. సెరటోడస్ దంతం కూడా చదునైనదే. చూచినవారెవరికైనా ఆ పోలిక తట్టడం సహజం.

హిస్లాప్ సేకరణలోని మలేరి దంతాలు కలకత్తా చేరాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు అధిపతిగా ఉన్న థామస్ ఓల్డ్‌హామ్ వాటిని పరిశీలించి, అవి సెరటోడస్ దంతాలేనని 1859లో ప్రకటించాడు. మూడు జాతులుగా వాటిని విభజించి సెరటోడస్ హిస్లోపియానస్, సెరటోడస్ హంటేరియానస్, సెరటోడస్ విరాప అని పేర్లు పెట్టాడు. మొదటి రెండు పేర్లు ఇద్దరు మిత్రుల స్మారకాలు. మూడవది వీరప్పను తలపించే పేరు. మతబోధకుల పేర్ల సరసన ఆ పేరు నిలవడం ఆ కాలపు గ్రంథాలలో అరుదైన విషయమే.

ఈ గుర్తింపు వల్ల కలిగిన ప్రయోజనం పేర్లతో ముగియలేదు. నాగపూర్, గోదావరి ప్రాంతాల ఇసుకరాళ్ల వయస్సెంత అన్నది ఆనాడు తేలని వివాదం. బొగ్గు ఎక్కడ వెదకాలి, ఎంత లోతున వెదకాలి అన్నది కూడా పొరల వరుసను బట్టియే ఉంటుంది. ఐరోపాలో సెరటోడస్ దంతాలు ట్రయాసిక్ యుగపు శిలలలో దొరికేవి. అటువంటి దంతాలే మలేరిలో దొరికాయి గనుక ఆ ఎర్రమన్ను కూడా ఇంచుమించు ఆ యుగానిదే కావాలి. తరువాత మలేరి నుండి సరీసృపాల ఎముకలు కూడా లభించాయి. స్కాట్లండ్‌లోని ఎల్గిన్ ఇసుకరాతిలో దొరికిన హైపరోడపెడాన్ అనే ప్రాణికి సంబంధించిన ఎముకలు వాటిలో ఉన్నాయని థామస్ హక్స్‌లీ 1869లో గుర్తించాడు. హిస్లాప్ పుట్టిన దేశపు రాళ్లలోని ప్రాణి గోదావరి లోయలోనూ సంచరించిందన్న మాట! మలేరి శిలల వయస్సు 20 కోట్ల సంవత్సరాలకు పైబడినదని నేటి శాస్త్రజ్ఞుల నిర్ణయం.

హిస్లాప్ ఆసక్తి రాళ్లతో ఆగలేదు. అడవులలోని గోండుల నడుమ తిరిగి వారి భాషను, ఆచారాలను, లింగో అనే వారి పురాణపురుషుని గాథను వ్రాసిపెట్టుకొన్నాడు. ఆ కాగితాలను ఆయన మరణానంతరం మధ్యపరగణాల చీఫ్ కమిషనర్ రిచర్డ్ టెంపుల్ 1866లో ప్రచురించాడు. గోండుల సంస్కృతిని గురించి వెలువడిన తొలి గ్రంథాలలో దానిని విద్వాంసులు ఇప్పటికీ పేర్కొంటారు.

1863 సెప్టెంబరు మాసంలో నాగపూర్‌కు దక్షిణాన టాకల్‌ఘాట్ అనే గ్రామం వద్ద ప్రాచీనుల సమాధులను చుట్టి ఉన్న రాతివలయాలను త్రవ్వి చూడడానికి హిస్లాప్ వెళ్లాడు. టెంపుల్ కూడా ఆ పరిశీలనలో పాల్గొన్నాడు. 4వ తేదీ సాయంకాలం టెంపుల్ బసకు మరలిపోయాడు. హిస్లాప్ మాత్రం ఆ ఊరి పాఠశాలను పరిశీలించే నిమిత్తం వెనుక నిలిచి, చీకటి పడిన తరువాత గుర్రంపై ఒంటరిగా బయలుదేరాడు. పగలు దాటి వచ్చిన వాగు వాననీటితో పొంగి ఉన్నది. గుర్రం ఒక్కటే బసకు చేరింది. వెదకబోయినవారికి ఆయన శవం దొరికింది. మరి నాలుగు దినాలు గడచి ఉంటే ఆయనకు 46 సంవత్సరాలు నిండి ఉండేవి. మలేరిలో మరికొన్ని దంతాలు, సరీసృపాల ఎముకలు దొరికిన సంగతిని తెలిపే ఆయన లేఖల భాగాలు 1864లో, ఆయన మరణించిన తరువాత, లండన్ పత్రికలో అచ్చయ్యాయి.

మలేరి దంతాల కథ అక్కడితో ముగియలేదు. అసలు మలుపు ఆయన పోయిన ఏడేళ్లకు, వేల మైళ్ల దూరంలో వచ్చింది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ మ్యూజియం అధికారి గెరార్డ్ క్రెఫ్ట్‌తో విలియం ఫార్‌స్టర్ అనే మిత్రుడు క్వీన్స్‌లాండ్ నదులలోని ఒక పెద్ద చేప వింతలను ఎన్నో ఏళ్లుగా చెబుతుండేవాడు. అక్కడివారు దానిని వండుకొని తినేవారు కూడా. క్రెఫ్ట్ ఆ మాటలను నమ్మలేదు. చివరకు 1870లో ఆ చేప మ్యూజియానికి రానే వచ్చింది. నోరు తెరచి చూచిన క్రెఫ్ట్ నివ్వెరపోయాడు. అందులో ఉన్నవి ఆగసీ పుస్తకంలోని సెరటోడస్ దంతాలే! కోట్ల సంవత్సరాల క్రిందట నశించిందనుకొన్న ప్రాణి వంశం బర్నెట్ నదిలో బ్రతికి ఉన్నది. తాను నమ్మని మిత్రునికి పరిహారంగా దానికి సెరటోడస్ ఫార్‌స్టరీ అని పేరు పెట్టాడు. తరువాతివారు దానిని నియోసెరటోడస్ అని మార్చారు.

అయితే అది సొరచేప కాదు. దాని ఒంటిమీద పెద్ద పెద్ద పొలుసులు ఉన్నాయి. పుర్రెలో ఎముక ఉన్నది. దంతాలు సొరచేప పళ్ల వలె వరుసలుగా మొలిచి రాలేవి కావు; దవడకు అంటుకొని జీవితమంతా పెరిగే పలకలు. అన్నింటికీ మించి దానికి మొప్పలతో పాటు ఊపిరితిత్తి కూడా ఉన్నది. నీరు నిలిచి చెడిపోయినప్పుడు పైకి తేలి గాలిని పీల్చుకొంటుంది. ఊపిరితిత్తుల చేపలనబడే వర్గానికి చెందిన ప్రాణి అది. అంటే ఆగసీ అంతటివాడు కూడా దంతపు చదునును చూచి వంశాన్ని పొరబడ్డాడు. దంతం అబద్ధమాడలేదు, జాతి గుర్తింపు కూడా చెక్కుచెదరలేదు. చెదరినది, దానిని చేర్చిన వర్గం. ఇది పండితుని అజాగ్రత్త కాదనే చెప్పాలి. సరిపోల్చడానికి బ్రతికి ఉన్న చేప లేనప్పుడు అంతకంటె దగ్గరి పోలిక ఆయనకు దొరికే అవకాశం లేదు. బ్రిటిష్ విద్వాంసుడు మయాల్ మలేరి దంతాలను బ్రతికి ఉన్న చేప దంతాలతో సరిచూచి 1878లో సర్వేక్షణ సంస్థ గ్రంథమాలలో కొత్తగా వర్ణించాడు. హిస్లోపియానస్ అన్న పేరు సొరచేపల పట్టికను వదలి ఊపిరితిత్తుల చేపల పట్టికలోకి మారింది.

ఈ మార్పుతో మలేరి నేల రూపం కూడా మారింది. సొరచేప అనగానే ఎవరికైనా సముద్రం స్ఫురిస్తుంది. ఊపిరితిత్తుల చేప నదులలో, మడుగులలో బ్రతికేది. మలేరి ఎర్రమన్ను సముద్రపు అడుగు కాదు. వానకాలంలో పొంగి, ఎండకాలంలో మడుగులుగా మిగిలే నదుల మైదానం. ఒక దంతం ఏ ప్రాణిదన్న ప్రశ్న వెనుక ఒక దేశపు ప్రాచీన రూపమే దాగి ఉంటుంది.

ఇంతకూ మలేరిలో సొరచేపలు లేనేలేవా? ఉన్నాయి. వంద సంవత్సరాలకు పైగా అవి ఎవరి కంటా పడలేదు. హిస్లాప్ కాలంలో నేలమీద కంటికి కనబడినవాటినే ఏరేవారు. ఇరవయ్యవ శతాబ్దంలో మట్టిని నీటిలో నానబెట్టి, సన్నని జల్లెళ్లలో కడిగి, మిగిలిన రవ్వను సూక్ష్మదర్శిని క్రింద వెదకే పద్ధతి వచ్చింది. ఆ శతాబ్దపు ద్వితీయార్ధంలో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు చెందిన పరిశోధకులు ప్రాణహిత–గోదావరి లోయను ఏళ్ల తరబడి గాలించారు. బరపసారస్ అనే మహా సరీసృపాన్ని కోట శిలల నుండి వెలికితీసినది వారే. వారిలో ఒకడైన ఎస్. ఎల్. జైన్ మలేరి మన్నులో దొరికిన సొరచేప దంతాలను 1980లో వర్ణించాడు. రెండు వాడి కొనలు, వాటి నడుమ ఒక చిన్న కొన గల దంతాలవి. జీనకాంథస్ అనే ప్రాచీన సొర వర్గానికి చెందిన ఆ జాతికి ఇండికస్ అని పేరు వచ్చింది. తరువాతి పరిశోధకులు దానిని మూరియోడాంటస్ అనే ప్రజాతిలోకి మార్చారు. ఆ సొరలు మంచినీటివి. సముద్రంతో వాటికి పనిలేదు. కోట శిలల నుండి పి. యాదగిరి 1986లో మరొక చిన్న సొరచేపను, లాంకిడియాన్ ఇండికస్ అనే పేరుతో, దంతాలను బట్టియే గుర్తించాడు. హైబోడస్ అనే అంతరించిన సొర వంశంలోనిది అది.

హిస్లాప్ పేరు మీద నాగపూర్‌లో 1883లో వెలసిన కళాశాల నేటికీ నడుస్తున్నది. నాగపూర్ చెరువులోని ఒక సూక్ష్మ జలచరానికి హిస్లోపియా అన్న పేరు 1858లోనే వచ్చింది. ఆయన పోయిన ఎనిమిదేళ్లకు, 1871లో, విలియం కింగ్ ఇల్లందు వద్ద బొగ్గును కనుగొన్నాడు. సింగరేణి గనుల చరిత్ర అక్కడనే మొదలైంది. ఆ కింగ్ 1881లో ప్రాణహిత–గోదావరి లోయ శిలలను పొరలు పొరలుగా వర్ణించి ప్రకటించిన గ్రంథంలో మలేరి, కోట పేర్లు రెండు శిలాసమూహాల పేర్లుగా స్థిరపడ్డాయి. భూపాలపల్లి బొగ్గు పొరలు ఆ వరుసలో మలేరికంటె క్రిందివి, వయస్సులో పెద్దవి. మలేరి ఎర్రమన్ను వాటికి పైది. కోట సున్నపురాయి అంతకంటె పైది. ఇప్పటికీ ఆ మన్ను వాన వెలిసిన ప్రతిసారీ కొంత కరుగుతుంది. విసనకర్ర ఆకారపు దంతాలు నేలమీద తేలుతూనే ఉంటాయి. సొరచేప దంతాలు మాత్రం అలా కంటికి కనిపించవు. అవి కొన్ని మిల్లీమీటర్లకు మించవు.